కరణ శబ్దము : పనిముట్టు నుండి పాలనాంగము వరకు

ఏబది యేండ్లు దాటిన గ్రామీణునకు 'కరణము' అనిన వెంటనే స్ఫురించునది భూముల లెక్కలు వ్రాయు గ్రామోద్యోగి. వ్యాకరణ విద్యార్థికి స్ఫురించునది తృతీయావిభక్తి. పంచాంగము చూచువానికి తిథిలో అర్ధభాగము. నాట్యశాస్త్రము చదివినవానికి హస్తపాదముల కదలికల కలయిక. సి.పి. బ్రౌను 1852లో వెలువడిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున సాధనమని, ఇంద్రియమని, గ్రామపు లెక్కలు వ్రాయువాడని ఈ శబ్దమునకు అర్థములు చూపియున్నాడు. నిఘంటువులు ఈ యర్థములను ఒక వరుసలో పేర్చి విడుచును. వాని నడుమ గల సంబంధ మెట్టిదో, ఒకదానినుండి మరియొకటి యేల పుట్టెనో నిరూపించుట చరిత్ర చేయవలసిన పని.

పనిముట్టు పేరు ఉద్యోగి కేల వచ్చినదని యడిగినచో వెంటనే తోచు సమాధాన మొకటి గలదు: రాజు తన పనిని వీనిద్వారా చేయించుకొనెను గనుక వీడు రాజునకు పనిముట్టు. ఈ సమాధానము బొత్తిగా తప్పు కాదు. కాని ఇది నడుమనున్న రెండు మెట్లను దాటవేయుచున్నది. కరణశబ్దము పనిముట్టునుండి నేరుగా మనుష్యునిపైకి రాలేదనియు, మొదట వ్రాతపత్రమునకును, పిదప వ్రాతపని జరుగు కార్యస్థానమునకును చెల్లి, ఆ మీదట వ్రాయువానికి పేరైనదనియు ఈ వ్యాసమున నా ప్రతిపాదన. ఈ క్రమమును గుర్తించినచో కరణము శక్తికి మూలమేమో, ఆ శక్తి యెట్లు దుర్వినియోగమునకు లోనయ్యెనో, నేటి ప్రభుత్వ సంస్థల బాధ్యతను గూర్చి న్యాయస్థానములు చేసిన నిర్ణయములతో ఈ ప్రాతశబ్దమునకు గల చుట్టరికమేమో తెలియగలదు.

1. వ్యుత్పత్తి

చేయుట యను నర్థము గల 'కృ' ధాతువుపై ల్యుట్ ప్రత్యయము చేరగా కరణశబ్దమేర్పడును. పాణిని అష్టాధ్యాయి మూడవ యధ్యాయము మూడవ పాదమున ఈ ప్రత్యయమును మూడర్థములందు విధించినాడు. మొదటిది భావము, అనగా చేయుట యను క్రియయే. రెండవది కరణము, అనగా దేనిచేత చేయబడునో అది. మూడవది అధికరణము, అనగా ఎచ్చట చేయబడునో ఆ చోటు. కనుక కరణమను నొక్క రూపమునందే పనికిని, పనిముట్టునకును, పనిచోటికిని అవకాశమున్నది. తరువాతి చరిత్రయంతయు ఈ మూడింటిలో నొకదానినుండి మరియొకదానికి జరిగిన ప్రయాణమే యనవచ్చును.

కారకప్రకరణమున పాణిని చేసిన విభాగము మనకు ముఖ్యము. క్రియయందు స్వతంత్రుడు కర్త. క్రియాసిద్ధికి తోడ్పడు వానిలో అన్నిటికంటె నెక్కువగా తోడ్పడునది కరణము. కట్టె కొట్టువాడు కర్త, గొడ్డలి కరణము. గొడ్డలి లేనిదే పని జరుగదు. అయినను పనికి కర్తృత్వము గొడ్డలిది కాదు. ఆంధ్రుడని ప్రసిద్ధి వహించిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున కరణమును అసాధారణమైన కారణముగా నిర్వచించెను. దేశకాలములు సర్వకార్యములకును సాధారణ కారణములు. కట్టె తెగుటకు గొడ్డలి యసాధారణ కారణము.

వైయాకరణులు ఈ విభాగమును బిగించి యుంచలేదు. కారకములు వక్త యొక్క వివక్షపై నాధారపడునని వారంగీకరించిరి. 'కత్తితో కోసెను' అనునపుడు కత్తి కరణము. 'ఈ కత్తి బాగుగా కోయును' అనునపుడు ఆ కత్తియే కర్త. కోయువాడు వాక్యమునుండి తప్పుకొనినాడు. తెలుగున తృతీయకు గల చేత, తోడ వర్ణకములలో 'చేత' కర్తకును కరణమునకును గూడ చెల్లుట గమనింపదగినది. 'రామునిచేత చంపబడెను' అందుము, 'బాణముచేత చంపబడెను' అనియు అందుము. చేసిన వానిని, చేయుటకు తోడ్పడినదానిని ఒకే గుర్తుతో చూపు ఈ యలవాటు వ్యాకరణమున చిక్కు కలిగింపదు. పరిపాలనమున మాత్రము పెద్ద చిక్కే కలిగించినది.

2. సాధనమును ప్రయోజనమును

అమరసింహుడు కరణశబ్దమునకు మిక్కిలి సాధకమైనది, క్షేత్రము, శరీరము, ఇంద్రియము అను నర్థములు చెప్పినాడు. చూచుటకు కన్ను, వినుటకు చెవి సాధనములు గనుక ఇంద్రియములు కరణములైనవి. సాంఖ్యులు పది బాహ్యకరణములను, మూడు అంతఃకరణములను గలిపి పదుమూడు కరణములు చెప్పిరి. నేటికిని మనము 'అంతఃకరణము' అనుచునే యున్నాము. గ్రహగణితమును సులభముగా చేసికొనుటకు వ్రాసిన చేపొత్తములకును కరణగ్రంథములని పేరు. భాస్కరాచార్యుని కరణకుతూహలము (1183) అట్టిది.

గ్రీకు భాషయందలి 'ఆర్గానాన్' అను మాట ఇదే మార్గమున నడచినది. దాని మొదటి యర్థము పనిముట్టు. అరిస్టాటిలు తర్కగ్రంథములకు ఆలోచనకు సాధనములను భావముతో నా పేరే పెట్టిరి. పిదప ఇంగ్లీషున 'ఆర్గన్' అను రూపమున శరీరాంగమునకును, ప్రభుత్వాంగమునకును అది చెల్లినది. పనిముట్టు, ఇంద్రియము, పాలనాంగము అను మూడర్థములును పరస్పర సంబంధము లేని రెండు సంప్రదాయములలో ఒకే శబ్దమున చేరుట వట్టి కాకతాళీయమని నేను తలపను. సమష్టి తనకొరకు పనిచేయు సంస్థను శరీరము తన యింద్రియమును జూచినట్లు చూచుటయే ఇందలి మూలభావము.

ప్రయోజనార్థము 'ఉప' అను నుపసర్గ చేరుటతో ప్రస్ఫుటమగును. ఉపకరణము దగ్గర నుండి తోడ్పడునది, ఉపకరించుట ప్రయోజనపడుట, ఉపకారము మేలు. వస్తువు చేసినచో ఉపకరణమనియు, మనిషి చేసినచో ఉపకారమనియు వ్యవహరింతుము. అచ్చతెలుగునను ఇట్టి సంబంధమే యున్నది. పని చేయుటకు కావలసిన ముట్టు పనిముట్టు. ప్రయోజనకరమైనది 'పనికివచ్చు'నది, కానిది 'పనికిమాలిన'ది. సాధనమును ప్రయోజనమును తెలుగువాడు పని యను నొక్క మాటతోనే కొలిచినాడు.

3. పత్రము నుండి కార్యస్థానమునకు

ఇక నేను ముందు చెప్పిన రెండు మెట్లు. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయము ఋణవ్యవహారములను జెప్పుచు, అప్పు తీర్పలేనివాడు పెరిగిన వడ్డీని చెల్లించి కరణమును మార్చి వ్రాసికొనవచ్చునని విధించుచున్నది. ఇచ్చట కరణమనగా ఋణపత్రము. నోటిమాటగా నున్న ఒప్పందమును నిర్ధారణ చేయు సాధనము పత్రము గనుక దాని కీ పేరు కలిగెను. ఇంగ్లీషున పనిముట్టును దెలుపు 'ఇన్‌స్ట్రుమెంటు' అను మాటయే దస్తావేజునకును పేరైనది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము పేరులోని మాట యిదియే. పత్రమునకు పనిముట్టు పేరు పెట్టుట మన సంప్రదాయమునకే పరిమితము కాదని దీనివలన తెలియుచున్నది.

పత్రములు పెరిగిన పిదప వానిని వ్రాయుటకు, భద్రపరచుటకు ఒక చోటు కావలెను. ఈ దశలో పాణిని చెప్పిన మూడవ యర్థము, చోటు, ముందుకు వచ్చినది. గుప్తయుగమున 'అధికరణము' ప్రభుత్వ కార్యస్థానమునకు స్థిరపడిన పేరు. వైశాలిలో 1903-04 త్రవ్వకములందు లభించిన మట్టిముద్రలపై ఆయా యుద్యోగుల అధికరణముల పేర్లున్నవి. దామోదర్‌పూర్ తామ్రపత్రముల వలన అయిదారు శతాబ్దుల నాటి ఉత్తరవంగమున అధికరణము పనిచేసిన తీరు కన్నులకు గట్టినట్లు తెలియుచున్నది. భూమి కొనగోరువాడు కోటివర్షమున నున్న అధికరణమునకు విన్నవించుకొనును. నగరశ్రేష్ఠి, సార్థవాహుడు, ప్రథమకులికుడు, ప్రథమకాయస్థుడు అందు కూర్చుందురు. పుస్తపాలులు పాతవ్రాతలను పరిశీలించి తమ నిర్ణయము చెప్పిన పిదపనే భూమి విక్రయింపబడును. మృచ్ఛకటికము తొమ్మిదవ యంకమున చారుదత్తుని విచారించినదియు అధికరణమే. న్యాయాధిపతిని ఆ నాటకము అధికరణికుడని పేర్కొనుచున్నది.

ఉపసర్గ లేని కరణశబ్దమును ఇదే యర్థమున వాడిరి. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవులకు మంత్రియైన హేమాద్రికి శ్రీకరణాధిపుడని బిరుదు. శ్రీకరణమనగా రాజకీయ లేఖనశాల. ఈ యర్థము నేటికిని జీవించియున్నదనుటకు కలకత్తాలోని రైటర్సు బిల్డింగు నిదర్శనము. ఈస్టిండియా కంపెనీ గుమాస్తాల పేరు మీద వెలసిన ఆ భవనమునకు వంగభాషలో 'మహాకరణ్' అని పేరు. 2013 వరకు పశ్చిమ బెంగాలు సచివాలయము ప్రధానముగా అచ్చటనే యుండెను.

పత్రమున కొకపేరు, పత్రశాలకు అదే పేరు వచ్చిన పిదప, అందు కూర్చుండి వ్రాయువానికిని ఆ పేరే వచ్చుట సహజపరిణామము. ఒడిస్సాలో లేఖనవృత్తి గల జాతికి కరణులని పేరు. మహారాష్ట్రమున గ్రామలేఖకుడు కులకర్ణి. తెలుగున ఏ యుపసర్గయు, ఏ ప్రత్యయమును చేరకుండ పనిముట్టు పేరే మనిషిపై నిలిచినది. బహువచనము సైతము మారి, విజయనగరకాలపు శాసనములలో 'కరణాలు' అను రూపమున రెడ్లతో జంటగా పేర్కొనబడుచున్నది.

4. గ్రామకరణము

పన్నిద్దరు ఆయగాండ్రలో కరణ మొకడు. కమ్మరికి కొలిమి, వడ్రంగికి బాడిస, కుమ్మరికి సారె యెట్లో కరణమునకు గంటమును తాటాకును అట్లు. ఆయగాండ్ర వ్యవస్థలో అతడు గ్రామమునకు ఉపకరించువాడు. కళ్ళమున తన మేరను పుచ్చుకొనుచు, మాన్యము ననుభవించుచు గ్రామమున నిలిచియుండెను. మరియొకవైపు రాజునకు రావలసిన పన్నును నిర్ణయించు లెక్క అతని చేతిలోనే యుండెను. అతడు గ్రామమునకు కరణమా, రాజునకు కరణమా అను ప్రశ్న అందువలన ఆదినుండియు నున్నది.

కరణముల వ్రాతలు పన్నులెక్కలతో ముగియలేదు. దండకవిలెలందు గ్రామముల పుట్టుక, ఎల్లలు, దేవాలయముల మాన్యములు, రాజుల మార్పులు వ్రాయబడినవి. కల్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) కావలి సోదరులు మొదలగు సహాయుల ద్వారా సేకరించిన కైఫీయత్తులకు ఈ గ్రామలేఖనములే పెక్కింటికి మూలము. 2001లో వెలువడిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' అను గ్రంథమున వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం గారలు దక్షిణభారత చరిత్రరచనకు కరణముల లేఖనసంస్కృతి చేసిన దోహదమును వివరించిరి. భారతీయులకు చరిత్రదృష్టి లేదను నపవాదమునకు గ్రామపు లెక్కలు వ్రాసినవారి వచనము సమాధానముగా నిలుచుట ఆంధ్రులు గర్వింపదగిన విషయము.

గౌరవముతో పాటు అనుమానమును అతనికి దక్కినది. సుమతీశతకమున కరణములను గూర్చిన పద్యములు ఈ యనుమానమునకు సాక్ష్యము. కరణమును కరణమే నమ్మినను ప్రాణాంతకమగునని ఆ శతకకర్త హెచ్చరిక. కమ్మరినిగాని కుమ్మరినిగాని గూర్చి ఇట్టి హెచ్చరిక యేల లేదు? కమ్మరి చేసిన నాగలికర్రు రైతు కంటి యెదుట నుండును. అది మంచిదో కాదో దున్నినపుడే తెలియును. కరణము వ్రాసిన వ్రాత చదువురాని రైతునకు కానరాదు. తన పొలము వ్రాతలో తనపేర నున్నదో లేదో తెలిసికొనుటకు అతడు మరల కరణము నొద్దకే పోవలెను. పనిముట్టు వాడువాని యధీనమున నుండుటకు మారుగా, వాడువాడే పనిముట్టు నధీనమున నుండవలసి వచ్చెను. వైయాకరణులు చెప్పిన వివక్ష ఇచ్చట జీవితసత్యమైనది. కరణము కర్త యయ్యెను. కాని కర్తకుండవలసిన బాధ్యత అతనికి సంక్రమింపలేదు. అడిగినచో 'లెక్కలో నట్లున్నది' అని తప్పించుకొను మార్గ మతని కుండెను.

ఈ దోషమును వృత్తిలోనివారందరి స్వభావముగా నెంచుట న్యాయము కాదు. వ్రాత యొకని చేతిలోనే యుండుట, ఆ చేయి వంశక్రమముగా నొక యింటనే యుండుట ఇందులకు కారణములు. ఆంగ్లప్రభుత్వము ఈ రెండింటిని చట్టముచే గట్టిపరచెను. జమీందారీ శాశ్వతపరిష్కారముతో పాటు వచ్చిన మదరాసు 1802వ సంవత్సరపు 29వ రెగ్యులేషను కరణముల కొరకే చేయబడినది. పదవి ఖాళీయైనపుడు అనర్హత లేనిచో పూర్వకరణము వారసుని నియమింపవలెనని అందు నిబంధన. 1895 నాటి మదరాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఇతర గ్రామములలో ఈ వారసత్వమును క్రమపరచెను.

5. నిరాకరణము

ఈ ప్రభుత్వసాధనము తన్ను తాను పనినుండి తొలగించుకొనిన ఘట్టమొకటి ఆంధ్రచరిత్రలో నున్నది. 1921-22 సంవత్సరములందు గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమము నడచెను. గ్రామోద్యోగులు పెద్దసంఖ్యలో రాజీనామాలిచ్చిరి. లెక్క చూపువాడును వసూలు చేయువాడును లేకపోవుటతో శిస్తురాబడి దాదాపు నిలిచిపోయెను. ప్రభుత్వము సైనికబలమును దింపవలసి వచ్చినది. గాంధీమహాత్ముని సలహాపై ఉద్యమము విరమింపబడినను, కరణము లేనిదే కర్త నిస్సహాయుడను శాస్త్రార్థము ఆ కొలది నెలలలో లోకమునకు రుజువైనది. 'నిరాకరణ' శబ్దమునందు సైతము కరణశబ్దమే యుండుట ఇచ్చట స్మరణీయము.

దానితోపాటు మరియొక సత్యమును తేలినది. రాజీనామా ఇయ్యగలిగినవాడు వట్టి పనిముట్టు కాడు. గొడ్డలి కట్టెను కొట్టనని చెప్పజాలదు. మనుష్యుడు కరణమైనపుడు అతనియందు స్వాతంత్ర్యము, అనగా కర్తృలక్షణము, మిగిలియే యుండును. కనుక 'నేను నిమిత్తమాత్రుడను' అను సమాధానము ఉద్యోగి నోట పూర్తిగా చెల్లదు.

స్వాతంత్ర్యానంతరము వంశపారంపర్యము నిలువలేదు. గుంటూరు జిల్లాకు చెందిన ఒక గ్రామమునసబు పదవిని గూర్చిన వివాదమున 1960లో సుప్రీంకోర్టు, 1895 చట్టము జన్మను బట్టి పదవి నిచ్చుట రాజ్యాంగము పదునారవ యధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిత్వమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు మూలమున మునసబు, కరణము, పటేలు, పట్వారీ మున్నగు గ్రామోద్యోగములను రద్దు చేసినది. మరుసటి యేట సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. అటుపై వేరువేరు పేర్లతో వేతనోద్యోగులు వచ్చిరి. తెలంగాణ రాష్ట్రమున 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను సైతము రద్దు చేయుచు చట్టము చేయబడినది. మనుషులు మారుట, పదవుల పేర్లు మారుట తేలిక. వ్రాత యొకచోట చిక్కియుండి దాని నడుగువాడు బయట నిలిచియున్నంతకాలము కరణమునకు కర్తృత్వము కలుగుచునే యుండునని ఈ వరుస రద్దులు తెలుపుచున్నవి.

6. నేటి ప్రభుత్వ సంస్థలు

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున రాజ్యము తన పనులను కార్పొరేషనులకు, సొసైటీలకు, ప్రాధికార సంస్థలకు అప్పగించెను. అవి చేసిన తప్పునకు రాజ్యము బాధ్యత వహించునా? రాజ్యముపై గల ప్రాథమికహక్కుల నిర్బంధము వానిపైనను ఉండునా? రాజ్యాంగము పండ్రెండవ యధికరణమున 'రాజ్యము' అను మాటకు గల నిర్వచనమును వ్యాఖ్యానించుచు సుప్రీంకోర్టు ఈ ప్రశ్నలను విచారించినది. 1975లో సుఖదేవ్‌సింగ్ వ్యాజ్యమున, 1979లో అంతర్జాతీయ విమానాశ్రయ సంస్థపై వచ్చిన వ్యాజ్యమున, పిదప శ్రీనగరు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలను గూర్చిన అజయ్ హాసియా వ్యాజ్యమున ఒక సిద్ధాంతము రూపుదిద్దుకొనెను. సంస్థ వేరుపేరుతో నున్నను, అది రాజ్యమునకు సాధనమో ప్రతినిధియో యైనచో రాజ్యమును బంధించు హక్కులు దానినిగూడ బంధించును. ఇంగ్లీషు తీర్పులలో దీనికి వాడిన పదము 'ఇన్‌స్ట్రుమెంటాలిటీ'.

ఇది కారకమీమాంసకు న్యాయశాస్త్రమిచ్చిన సమాధానమని నా యభిప్రాయము. కర్త తన పనిని కరణమునకు అప్పగించి తాను వాక్యమునుండి తప్పుకొనరాదు. కరణమును కర్త చాటున దాగరాదు. హిందీలో భారత విమానాశ్రయ సంస్థను 'విమానపత్తన్ ప్రాధికరణ్' అందురు. రెండు ఉపసర్గల వెనుక అచ్చటను మన కరణమే యున్నది.

ఇందువలన అనువాదకులకు నాదొక విన్నపము. తెలుగున పై యింగ్లీషు పదమునకు 'పనిముట్టు' అని వ్రాసినచో 'చేతిలో కీలుబొమ్మ' యను నిందార్థము తోచును. 'సంస్థ' అని వ్రాసినచో రాజ్యముతోడి సంబంధము తెలియదు. 'రాజ్యోపకరణము' అను మాట యీ పనికి తగియున్నదని నాకు తోచుచున్నది. ఉపకరణమను మాటలో సాధనత్వమున్నది, ఉపకారమును ఉన్నది. ఆ సంస్థ రాజ్యమునకు సాధనమై ప్రజలకు ఉపకరింపవలెనను నియమము పేరులోనే తెలియును.

చరిత్రపరిశోధకులు చేయవలసిన పని మరియొకటి మిగిలియున్నది. 1984లో పదవి పోయినది గాని కరణముల యిండ్లలోని కవిలెకట్టలు, దస్త్రములు అన్నియు ప్రభుత్వమునకు చేరలేదు. అటకలపై నున్నవి చెదపట్టుచున్నవి. పనిముట్టునకు, పత్రమునకు, కార్యస్థానమునకు, మనిషికి వరుసగా చెల్లిన యీ శబ్దము మన గ్రామములలో ఎట్లు జీవించినదో తెలుపు సాక్ష్యము వానియందే యున్నది. వానిని సేకరించి, పట్టికలు వ్రాసి, చదువరులకు అందుబాటులో నుంచుట తెలుగుశాఖలును చరిత్రశాఖలును కలిసి చేయదగిన కార్యము.